ములకలపల్లి దారిలో సున్నపు కమాను

మధిర గ్రంథాలయంలో యాత్రల పుస్తకాలకు ప్రత్యేకంగా ఒక బీరువా ఉంది. కాశీ వెళ్లినవాళ్లు, మంచు కొండలెక్కినవాళ్లు, ఓడల మీద దేశాలు తిరిగినవాళ్లు రాసినవన్నీ అందులో ఉన్నాయి. ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్న నాకు హైస్కూలూ కాలేజీ అన్నీ ఆ బీరువాయే. ఇరవై ఏళ్లుగా ఒక్కో అరా చదువుకుంటూ వచ్చాను. మా ఎర్రుపాలెం నుంచి ములకలపల్లి దాకా వెళ్లి రాసినవాళ్లు మాత్రం అందులో ఎవరూ లేరు. ఒక పూట ప్రయాణం గురించి ఎవరు రాస్తారు? నేనూ రాసేదాన్ని కాదు. కానీ అక్కడ ఎనిమిది రోజులున్నాను. మనుషులు సున్నాన్ని వంటలాగా వండటం చూశాను. రాళ్లు ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడటం చూశాను. నా చేతులతో ఒక పొరపాటు చేసి, అది గోడ మీద గీతై కనిపించడమూ చూశాను. రాసి పెట్టకపోతే కొన్నాళ్లకు ఇదంతా కల అనుకుంటానేమోనని భయం. అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడి కూతురు స్రవంతి డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉండి, మొన్న వేసవి చివర ములకలపల్లి దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ ఇళ్లు కట్టడం నేర్పుతారు. పాత కట్టడాలను పాత పద్ధతిలోనే బాగుచేయడం నేర్పుతారు. జేసీబీ లాంటి పెద్ద బండ్లు నడపడం కూడా నేర్పుతారు. స్రవంతి బండి వైపు చేరింది. దీపావళి వెళ్లాక ఒకరోజు ఫోన్ చేసింది.

“అత్తా, ఇక్కడ రోడ్డు పక్కన పాత సత్రం ఒకటుంది. దాని వాకిలి మీది రాతి కమాను మా వాళ్లు మళ్లీ కడుతున్నారు. వచ్చే బుధవారం ఇంజినీరు సారొచ్చి చూస్తాడు. నిలబడితే సత్రం మొత్తం బాగుచేసే పని ఏడాది పాటు మా బ్యాచ్‌కే ఇస్తారు. నిలబడకపోతే రోడ్డు కోసం కూల్చెయ్యమన్నారు.”

“కూల్చేదెవరు?”

“ఉన్నది ఒక్క బండి. తోలేది నేనే కదా.”

కుట్టాల్సిన జాకెట్లు పక్కింటావిడకు అప్పజెప్పి, మర్నాడే బయల్దేరాను.

జూలూరుపాడులో సీతాఫలాలు

మధిర, వైరా, తల్లాడ దాటేదాకా కిటికీ పక్కన కునికిపాట్లు పడుతూనే ఉన్నాను. కళ్లు తెరిచినప్పుడల్లా ఒకటే దృశ్యం. ఒక పక్క విచ్చిన పత్తి, ఇంకో పక్క మోకాలెత్తు మిరపతోట, పైన పల్చటి మంచు. బస్సు కదులుతోందో, చేలే వెనక్కి పోతున్నాయో తెలియని మగత.

జూలూరుపాడులో బస్సు టీ కోసం ఆగింది. టీ పది రూపాయలే కానీ గ్లాసు మా ఊరి గ్లాసులో సగం. పక్కన ఒక ముసలావిడ అడవి సీతాఫలాలు బుట్టలో పెట్టుకుని కూర్చుంది.

“ఎంతమ్మా?”

“బుట్ట నూరు. కాయ లెక్కన ఇయ్య.”

“మా మధిరలో ఎనభైకే ఇస్తారు.”

“మధిరల చెట్టెక్కి తెంపుతరా, ఆటో ఎక్కి తెంపుతరా?” అంది.

నూరూ ఇచ్చాను. ఎక్కడికి పోతున్నావని అడిగింది. మేనకోడలు జేసీబీ నేర్చుకుంటోంది, చూడటానికి వెళ్తున్నానని చెప్పాను. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“ఆడివిల్లనా! మా మనుమడు గదే నేర్సుకుంటనని పోయి మూడు దినాలకే వాపస్ వచ్చిండు. నడుం నొస్తుందట. నీ పిల్లను జర మా ఇంటికి తోలుకరా. వాడు సూసి సిగ్గుపడాలె.”

కొసరుగా రెండు కాయలు వేసింది. ఆ కొసరు కాయల్లోనే ఒకటి బాగా పండి, నా ఒళ్లో పగిలింది. కొత్తగూడెం చేరేదాకా చీర కుచ్చిళ్ల మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను.

టేకు చెట్ల వాసన

పాల్వంచ దాటి ములకలపల్లి వైపు తిరగ్గానే చెట్లు రోడ్డు మీదికి వంగాయి. కిరాయి ఆటోలో నాతో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల భాషలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క మాటా తెలియలేదు. తెలియకపోవడమే బాగుంది. నీళ్ల చప్పుడు వింటున్నట్టుంది. టేకాకులు పళ్లేలంత వెడల్పున, దుమ్ము పట్టి, ఊగకుండా వేలాడుతున్నాయి.

స్రవంతి రోడ్డు మీదే ఎదురొచ్చింది. తలకు పసుపుపచ్చ హెల్మెట్, కనుబొమ్మల మీద తెల్లటి సున్నపు పొడి. నా తమ్ముడి కూతురా, ఏదైనా నాటకంలో వేషమా అనిపించింది.

“గిప్పుడొస్తివా అత్తా? అన్నం టైమైపోయింది, జల్దీ రా.”

“నీ మాట మారిపోయిందే!”

“ఆరు నెల్లు గిట్లనే మాట్లాడితే మారదా మరి?” అని నవ్వి, సంచీ లాక్కుంది.

వంట చేసే యాదమ్మ నా కోసం కూర తీసి పెట్టింది. మేము గోంగూర అనేదాన్ని వాళ్లు పుంటికూర అంటారు. ఆకు ఒకటే అయినా రుచి ఒకటి కాదు. మా వైపు నూనె తేలాలి. ఇక్కడ పప్పులో మెత్తగా కలిసిపోయి, పులుపు చివరన ఎక్కడో తగులుతుంది. జొన్నరొట్టెతో మూడుసార్లు అడిగి వేయించుకున్నాను.

ఎద్దు తిరిగే చోటు

మర్నాడు పొద్దున్నే లేచేసరికి రాతి మీద రాయి దొర్లే చప్పుడు వినిపించింది. మంచులోంచి ఒక ఎద్దు వచ్చి, కనబడి, మళ్లీ మంచులోకి పోయింది. కొంతసేపటికి మళ్లీ వచ్చింది. అది గానుగ. నేల మీద గుండ్రంగా కట్టిన కాలువలో సున్నమూ ఇసుకా పోసి, బండరాతి చక్రాన్ని ఎద్దుతో తిప్పిస్తారు. ఎద్దు వెనక సోమమ్మ అనే అమ్మాయి పారతో సున్నాన్ని కాలువలోకి నెడుతూ నడుస్తోంది. ఆమెది అడవి లోపలి గూడెం. ఈ బ్యాచ్‌లో తాపీ పట్టడంలో ఆమెదే మొదటి చెయ్యి అట. మా వైపు ఆడవాళ్లు సిమెంటు మాలు తట్టలు మోస్తారు. ఎంత మోసినా తాపీ మాత్రం మగవాడి చేతిలోనే ఉంటుంది. యాభై ఏళ్ల వయసులో ఆడమనిషి చేతిలో తాపీ చూడటం నాకు అదే మొదటిసారి.

నేర్పేవాడు సాయిలు మేస్త్రి. అరవై దాటిన సన్నటి మనిషి. తాతలనాటి నుంచి సున్నపు పనే. ఆయన దగ్గర నా చదువు చూపించుకోవాలని మనసు ఆగలేదు. కమానులో ప్రతి రాయీ కింద పడాలనే చూస్తుందనీ, అన్నీ ఒకేసారి పడబోవడం వల్లే ఏదీ పడదనీ చెప్పాను. సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతారనీ చెప్పాను. సముద్రాల అవతల రోమను వాళ్లు రెండు వేల ఏళ్ల కిందట కట్టినవి ఇంకా నిలిచే ఉన్నాయన్నాను.

“అవ్. వాళ్లకు కరక్కాయ దొరికిందా అమ్మా?”

“లేదు, బూడిద కలిపారు.”

“పాపం,” అన్నాడు మేస్త్రి, ఆ రోమను వాళ్ల మీద నిజంగా జాలిపడి.

తర్వాత సత్రం దగ్గరికి తీసుకెళ్లాడు. ఒకప్పుడు బండ్ల మీద భద్రాచలం పోయేవాళ్లు అక్కడ ఆగేవారట. బండి లోపలికి పోయేంత వెడల్పు వాకిలి. దాని మీద సగం లేచిన కమాను కర్ర చట్రం మీద పడుకుని ఉంది. ఆ చట్రాన్ని అందరూ సెంట్రింగ్ అనే అంటారు. రెండు వైపుల నుంచీ లేచిన రాళ్ల మధ్య, నడినెత్తిన ఒక ఖాళీ. అందులోంచి ఆకాశం నలుచదరంగా కనిపించింది.

నాలుగు కుండలు

శుక్రవారం తెల్లవారుతుండగా లేచాను. ఎవరో ఒకరికి సాయపడకుండా ఊరికే తిని కూర్చోవడం నాకు చేతకాదు. వంటశాల వెనక కొట్టంలో నాలుగు పెద్ద కుండలు కనిపించాయి. మీద నురగ, చుట్టూ ఈగలు, ముక్కు పగిలే పులుపు వాసన. ఎద్దు కుడితి పాడైపోయిందనుకున్నాను. యాదమ్మకు పని తగ్గించాలని నాలుగింటినీ అరటి మొదట్లో వొంపేసి, కొబ్బరి పీచుతో బూడిద పెట్టి తోమి, ఎండకు బోర్లించాను. అద్దాల్లా మెరిశాయి. నాకు చాలా తృప్తిగా ఉంది.

సోమమ్మ వచ్చి చూసి, కదలకుండా నిలబడిపోయింది. ఆమె వెనకే సాయిలు మేస్త్రి వచ్చాడు.

“ఎవలు పారబోసిన్రు?”

“నేనే అన్నా. పులిసిపోయాయి కదా.”

బోర్లించిన కుండ పక్కన ఆయన కూలబడ్డాడు. “పులియనీకే పెట్టిన అమ్మా. పన్నెండు దినాల నీళ్లు.”

అప్పుడు అర్థమైంది. కరక్కాయ, బెల్లం నీళ్లు. ముందు రోజే నేను ఆయనకు పాఠం చెప్పిన నీళ్లు. పుస్తకంలో వాటికి వాసన లేదు.

స్రవంతి పరుగెత్తుకొచ్చింది. “అత్తా! ఊళ్లో ఉన్న పుస్తకాలన్నీ చదివినదానివి, ఒక్క మాట అడగొద్దా? బుధవారం ఇంజినీరు సారొచ్చి ఎడమచెయ్యి ఎత్తితే కూల్చమన్నట్టే, బండి తోలాల్సింది నేనే. తెలుసా నీకు?”

సోమమ్మ మెల్లగా చెప్పింది. మొత్తం అయిదు కుండలనీ, మొదటిది పొద్దున్నే గానుగ దగ్గరికి తీసుకెళ్లిందనీ, అది అక్కడే నిండుగా ఉందనీ. మేస్త్రి తల పైకెత్తాడు. వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. ఆ ఒక్క కుండ రాళ్ల సందులకూ, కమాను కుడి భుజం, అంటే వంపు మీద కుడి పక్క గోడ, కట్టడానికీ వస్తుంది. ఎడమ భుజానికి రాదు.

“కొత్త నీళ్లు నానబెడదాం. ఆ గానుగ కాడి కుండలకెళ్లి చెంబెడు తోడేద్దాం, పాలకు తోడేసినట్టు. ఎరువు కుప్పల పూడ్సి పెడితే వేడికి జర తొందరగా పులుస్తయి. మూడు దినాలే ఉన్నయి. ఎంత పులిస్తే అంత.”

“ఎప్పుడైనా అట్లా చేశారా?” అన్నాను.

“గిట్ల పారబోసినోళ్లు ఎప్పుడన్న ఉంటే గద,” అన్నాడు. సోమమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతో నాకు ఊపిరి వచ్చింది.

ఆ రోజంతా ఇనప రోకలితో కరక్కాయలు దంచాను. మా ఊరి పచారీ కొట్లో దగ్గుకు రెండు మూడు కాయలు పొట్లం కట్టిస్తారు. ఇక్కడ బస్తాతో గుమ్మరించారు. సాయంత్రానికి నా అరచేతులు సిరా పోసినట్టు నల్లబడ్డాయి. కరక్కాయకు ఇనుము తగిలితే అంతేనట. సబ్బుకూ పోలేదు, చింతపండుకూ పోలేదు. యాదమ్మ నా కంచంలో అన్నం పెడుతూ, “చేతులతో తింటవా, చెంచా ఇయ్యాల్నా?” అని అడిగింది. ఆమె కుండలు తోమే పని నేను తగ్గించినందుకు అంతకు మించి ఏమీ అనలేదు.

నడినెత్తి రాయి

శనివారం మధ్యాహ్నం కమాను నడిమి ఖాళీలో చివరి రాయి పెట్టారు. నలుగురు మనుషులు కదిలించలేని రాయి. దానికి వెడల్పాటి బెల్టులు కట్టి బండి చేతికి తగిలించారు. స్రవంతి సీట్లో కూర్చుంది. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించమంటే విసుక్కునేది. ఇప్పుడు ఆ ఇనప చేతిని గాలిలో ఎంత మెల్లగా జరిపిందంటే, రాయి బరువున్నదని నాకు గుర్తే రాలేదు. ఏదో పక్షి వాలడానికి చోటు చూసుకుంటున్నట్టుంది.

మేస్త్రి పైన నిలబడి చేత్తో సైగ చేస్తున్నాడు. అరచెయ్యి కిందికి, వేళ్లు లోపలికి. ఒక్కమాటు పిడికిలి బిగించాడు. రాయి జానెడు ఎత్తున ఆగింది. సోమమ్మ సందులో సున్నం పూసి చెయ్యి తీసేసింది. పిడికిలి విప్పాడు. రాయి దిగింది. కర్ర సుత్తితో మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించి విన్నాడు.

“కూసుంది,” అన్నాడు.

ఆకాశం కనిపించిన నలుచదరం మూసుకుపోయింది. బండి ఆపి దిగాక స్రవంతి నా దగ్గరికి వచ్చి చేతులు చాపింది. నా నల్లటి చేతుల్లోకి తీసుకున్నాను. శుక్రవారం తర్వాత అదే మొదటిసారి ఆమె నా చెయ్యి పట్టుకోవడం.

ఆదివారం కుడి భుజం లేచింది. సోమవారం పొద్దున ఎరువు కుప్పలోంచి కొత్త కుండలు తీశారు. నురగ వచ్చింది కానీ పల్చగా ఉంది. మేస్త్రి వేలు ముంచి నాలుకకు రాసుకుని, కుండ ఎత్తించుకుని ఎడమ భుజం కట్టడానికి నడిచాడు.

బుధవారం

ఇంజినీరుగారు పదింటికి వచ్చారు. మర్యాదగల మనిషి, మాట తక్కువ. స్రవంతిని బండి స్టార్ట్ చేసి దూరంగా నిలపమన్నారు. కమాను జారితే వెంటనే కూల్చెయ్యాలని.

సున్నం పూర్తిగా గట్టిపడకముందే సెంట్రింగ్ కొంచెం వదలాలి. అప్పుడే రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. ఇది మేస్త్రి చెప్పిన పద్ధతి. కర్ర కాళ్ల కింద జోడుగా పెట్టిన చెక్క చీలలను అటొకరూ ఇటొకరూ కొట్టి వదులు చేయడం మొదలుపెట్టారు. మేస్త్రి వాకిలి మధ్యలో, సరిగ్గా కమాను కింద నిలబడ్డాడు.

“మేస్త్రీ, బయటికి రా,” అన్నారు ఇంజినీరుగారు.

“పడితే నా మీదనే పడాలె సారూ. దూరం నిలబడి సూసుడు నాతోని కాదు.”

చీలలు కదిలాయి. చట్రం కిందికి జరిగింది. రాళ్లకూ కర్రకూ మధ్య వెలుతురు గీత పడింది. అప్పుడు కమాను ఒక చిన్న శబ్దం చేసింది. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు. గోరంత కిందికి దిగింది. మేస్త్రి జుట్టు మీద తెల్లగా పొడి రాలింది. ఆ తర్వాత ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని అంతమంది కలిసి చూడటం నేనెప్పుడూ ఎరగను.

కానీ ఎడమ భుజం మీద ఒక చీలిక కనిపించింది. నా కళ్లకు దారాల లెక్క తెలుసు. అది జాకెట్లు కుట్టే దారమంత సన్నం, నా జానతో రెండు జానలంత పొడవు.

ఇంజినీరుగారు దాని మీద వేలు పెట్టి, బండి వైపు తిరిగారు. ఆయన చెయ్యి ఎత్తకముందే స్రవంతి ఇంజను ఆపేసింది. ఒక్కసారిగా అడవి చప్పుడంతా వినిపించింది.

“సార్,” అన్నాను. “ఆ భుజానికి వాడిన నీళ్లు సరిగా పులియలేదు. పులిసినవి నేను పారబోశాను. పిల్లల తప్పేమీ లేదు.”

“పారబోసింది ఆమెనే,” అన్నాడు మేస్త్రి. “పులియని నీళ్లతోని కట్టుమన్నది నేను. రాయి పట్టుకుంది సారూ. ఇది భుజం మీద గీత. ఆగిందో, నడుస్తున్నదో మనకు తెల్వది.”

ఇంజినీరుగారు చీలికను ఈ చివర నుంచి ఆ చివరకు మరోసారి తడిమి చూశారు. చివరికి అద్దం ముక్క ఒకటి తెమ్మన్నారు. చీలికకు అడ్డంగా అద్దం అతికిస్తే, గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం పగులుతుంది. నెల తర్వాత వస్తానన్నారు. పగిలి ఉంటే కూల్చడం, లేకపోతే సత్రం పని మీకే.

సమయానికి అద్దం దొరకలేదు. కిటికీలకు చెక్క తలుపులే. స్రవంతి బండి ఎక్కి, వెనక వైపు చూసుకునే పక్క అద్దాన్ని విప్పుకొచ్చింది. అది ఎప్పుడో ఒక మూల పగిలి ఉంది. సోమమ్మ దాన్నుంచి వేలెడు వెడల్పు పట్టీ కోసింది. అతికించడానికి పిడికెడు సిమెంటు కావాల్సి వచ్చింది.

“ఈ గోడ మీదికి సిమెంటు వచ్చుడు గిదే మొదలు, గిదే ఆఖరు,” అని సణుగుతూనే మేస్త్రి రెండు చివరలా ముద్ద పెట్టాడు. పాత గోడలో వేలెడంత ఆకాశం మెరిసింది.

ఎర్రుపాలెం వచ్చాక

మర్నాడు తిరుగు బస్సెక్కాను. అప్పటి నుంచి రోజూ పొద్దున ఏడింటికి స్రవంతి ఫోన్ చేసేది. ఒకటే మాట. “ఉందత్తా.” ఆ తర్వాతే నేను మిషను తొక్కడం మొదలుపెట్టేదాన్ని.

ఈ ప్రయాణం గురించి రాయగలిగానంటే దానికి కారణమైనవాళ్లున్నారు. జూలూరుపాడు ముసలమ్మ పేరు అడగలేదు. ఆమెకు పేరు లేకుండానే నమస్కారం. తన కంచంలో అన్నం పెట్టినట్టు పెట్టిన యాదమ్మకు, నా వల్ల జరిగిన నష్టాన్ని కోపం లేని గొంతుతో చెప్పిన సోమమ్మకు, నేను చదివిన వాటికి వాసన ఉంటుందని నేర్పి, నా తప్పులో సగం తన మీద వేసుకున్న సాయిలు మేస్త్రికి, ఎడమచెయ్యి ఎత్తబోయి ఆగిన ఆ ఇంజినీరుగారికి కృతజ్ఞతలు.

స్రవంతికి ఎట్లా చెప్పాలో తెలియదు. ఇంజినీరుగారు మళ్లీ వచ్చిన రోజు పొద్దున ఆమె ఫోన్ రాలేదు. పదకొండు దాటింది. ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్లీ తిరగేసి కుట్టాను. మధ్యాహ్నం ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. మాట ఏమీ లేదు. గోడ మీద అద్దం పట్టీ, ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా, ఒక్క గీత లేకుండా. అందులో ఫొటో తీస్తున్న పిల్ల ముఖం, వేలెడంత. సున్నం పట్టిన ఒక కనుబొమ్మ, నవ్వుతున్న ఒక కన్ను.